ఎంతమందిలో అని అడిగే సిస్టర్ గారు

సిస్టర్ గారు పోయారన్న మాట నాకు మా వ్యాను డ్రైవరు ఫోన్లో చెప్పాడు. నేనప్పుడు అవనిగడ్డ బస్టాండులో బందరు బస్సు కోసం నిలబడి ఉన్నాను. "అక్కా, పొద్దున్నే టీ పెట్టుకుని కుర్చీలో కూర్చున్నారంట. పక్కింటావిడ వెళ్లి పిలిచేసరికి పలకలేదంట" అన్నాడు. నేను వాడిని తిట్టాను. "అంట ఏంట్రా, అంట? నువ్వు చూశావా? సరిగ్గా తెలుసుకోకుండా ఇలాంటి ఫోన్లు చేస్తావా?" అని బస్టాండంతా తిరిగి చూసేలా అరిచాను. అవతల వాడి ఏడుపు వినబడింది. అప్పుడు నమ్మాను.

బస్సు వచ్చింది, ఎక్కాను, టికెట్ తీసుకున్నాను. దారి పొడుగునా నాకు ఒకటే అనిపించింది: ఎవరి చెయ్యి పట్టుకున్నా నాడి దొరికించుకునే మనిషి, తన నాడి ఆగిపోతుంటే పక్కన పట్టుకునే వాళ్లు లేకుండా వెళ్లిపోయారు.

ఆవిడ మీలో చాలామందికి తెలియకపోవచ్చు. బందరులో ఒక ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. రిటైరైనా సిస్టర్ గారన్న పిలుపు మాత్రం రిటైరవలేదు. కూరగాయల బండివాడి దగ్గర నుంచి చర్చిలో పాస్టరు గారి దాకా అందరికీ ఆవిడ సిస్టర్ గారే. రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేక, ఊళ్లు తిరిగే ఒక మందుల వ్యానులో చేరారు. వ్యాను ఒక ట్రస్టు వాళ్లది. ఆ వ్యానులో నేను ఆవిడకి సహాయకురాలిని. చేతికింద పనిదాన్ని అంటే ఆవిడకి కోపం వచ్చేది, అందుకని ఆ మాట రాయడం లేదు.

ఆ వ్యాను సంగతి కొంచెం చెప్పాలి. ఉన్నది ఒక్కటే వ్యాను, తిరగాల్సిన ఊళ్లు బోలెడు. అందుకని ట్రస్టు పెద్దలు ఏటా ఒకసారి కూర్చుని, ఏ పని చేసేవాళ్లకి దెబ్బలు, జబ్బులు ఎక్కువగా ఉన్నాయో పోల్చి చూస్తారు. గుడివాడ వైపు రైస్ మిల్లులు, బందరులో రోల్డుగోల్డు నగల పని, నందివాడ పొలాల్లో నాట్లు, మా దివిసీమలో రొయ్యల షెడ్లు, సముద్రం మీద చేపల వేట. ఎక్కువ ఉన్నచోట వ్యాను ఆగుతుంది, లేనిచోట మానేస్తుంది. న్యాయమైన పద్ధతే, నేను తప్పు పట్టను. ఆ పోలిక తయారుచేసే పని ఇన్నేళ్లూ సిస్టర్ గారిది. ఆవిడ పోయిన దగ్గర్నుంచీ నన్ను పట్టుకున్న భయం కూడా ఒక్కటే. ఈ ఏడు మా ఊరి వేటపడవలకి ఎదురుగా సున్నా పడుతుందేమో, వ్యాను మా ఊరు రావడం మానేస్తుందేమో అని. దెబ్బలు లేక కాదు, ఉన్నా సున్నాయే పడుతుంది. అదెలాగో చెప్పాలంటే ముందు ఆవిడ గురించి చెప్పాలి.

ఆవిడ మనిషి మొహం కన్నా ముందు చేతులు చూసేవారు. మనం ఏమైందో చెప్పబోతుంటే, "ఆగండి. ఏం పని చేస్తారండీ?" అని అడిగేవారు. కడుపునొప్పని వచ్చినా అదే ప్రశ్న, కంట్లో నలుసు పడిందని వచ్చినా అదే ప్రశ్న. చెయ్యి తిప్పి చూసి, వేళ్ల గీతల్లో నల్లగా ఇంకిపోయిన మరక చూసి, "నగలకి మెరుగు పెడతారు కదూ? దగ్గెన్నాళ్ల నుంచి?" అనేవారు. దగ్గు సంగతి వచ్చినవాళ్లు ఇంకా చెప్పనే లేదు! మిల్లు హమాలీల మెడవంపులో బస్తా ఒరుసుకుని కట్టిన కాయ మీద వేలు పెట్టి, "ఎడమ వైపు మార్చుకో నాయనా అప్పుడప్పుడూ" అనేవారు. అప్పటికి ఎడమ వైపు కూడా కాయ కట్టే ఉండేది. ఇద్దరూ నవ్వుకునేవారు.

ఆవిడది నందివాడ దగ్గర ఒక పల్లె. అమ్మా నాన్నా కూలికి వెళ్లేవారు. నాట్ల రోజుల్లో వాళ్లమ్మ కాళ్లు బురదలో నాని నాని వేళ్ల సందులు పుళ్లు పడేవట. రోజూ సాయంత్రం వేడినీళ్లతో ఆ కాళ్లు కడిగి తుడిచే పని చిన్నప్పుడు ఈవిడదే. "ఆదివారం చర్చికి చెప్పులేసుకుని వెళ్దామని మా అమ్మకి ఎంత ఆశో. నాట్లు అయ్యేదాకా చెప్పులు పట్టేవి కాదే ఆ కాళ్లకి" అని ఒకసారి నాతో అన్నారు. అది చెప్పేటప్పుడు ఆవిడ నా వైపు చూడలేదు, కిటికీలోంచి చేల వైపు చూస్తూ కూర్చున్నారు.

ఇక ఆవిడ ఊతపదం. ఎవరు ఏ సంఖ్య చెప్పినా, "ఎంతమందిలో?" అనేవారు. ఒక పెళ్లిలో మా బంధువు ఒకావిడ, "ఆ ఇంటి అల్లుళ్లు ఇద్దరూ తాగుబోతులేనండీ" అని మూతి తిప్పుకుంటే, ఈవిడ చాలా శ్రద్ధగా, "ఎంతమందిలో ఇద్దరండీ?" అని అడిగారు. ఆవిడ తెల్లబోయింది. నాకు నవ్వాగక విస్తరి ముందు నుంచి లేచి వెళ్లిపోవాల్సి వచ్చింది.

అది నవ్వించడానికి అనే మాట కాదని నాకు తర్వాత తెలిసింది. ట్రస్టులో ఒక పెద్దాయన, చాలా మంచివాడు, ఒకసారి మీటింగులో, "ఆలోచించడానికేముంది సిస్టర్ గారూ? దెబ్బలన్నీ మిల్లుల్లోనే కనబడుతున్నాయి. వ్యాను అటే పంపిద్దాం" అన్నారు. సిస్టర్ గారు, "ఎంతమందిలో అండీ?" అన్నారు. ఆయనకి అర్థం కాలేదు. అప్పుడు ఈవిడ, "పెళ్లిలో గుండిగెడు అన్నంలో రెండు రాళ్లొచ్చాయనుకోండి, ఎవరికీ తెలియదు. అవే రెండు రాళ్లు మీ మనవడి కంచంలో వస్తే? పిల్లాడు తినగలడా? మిల్లుల్లో జనం ఎక్కువ, అందుకని దెబ్బలు ఎక్కువ కనబడతాయి. నగల పని గదిలో ఉండేది గుప్పెడు మంది. ఆ గుప్పెట్లో సగం మంది దగ్గుతున్నారు" అన్నారు. ఆ పెద్దాయన కాసేపు గడ్డం నిమురుకుని, "బావుందమ్మా. ఈ మాట మా కోడలికి చెప్పాలి, బియ్యం ఏరదు" అన్నారు. అందరూ నవ్వారు. ఆ ఏడు వ్యాను నగల పనివాళ్ల వీధిలో కూడా ఆగింది.

బయటికొచ్చాక సిస్టర్ గారు నాకు ఇంకో మాట చెప్పారు. "దెబ్బకి చప్పుడుంటుందే. అందరూ పరిగెత్తుకొస్తారు. జబ్బు చప్పుడు చెయ్యదు. ఆ రెండిటినీ ఒకే తక్కెట్లో వేసేటప్పుడు మనం చెవులు రిక్కించుకోవాలి." నేను తల ఊపాను గానీ, ఆ మాట లోతు మా ఇంట్లోనే ఉందని నాకు అప్పటికే తెలుసు.

ఎందుకంటే, ఆవిడ నాకు పరిచయమైందే అలాంటి ఒక చప్పుడు లేని దెబ్బ వల్ల.

చాలా ఏళ్ల కిందటి మాట. మాది నాగాయలంక దాటి సముద్రం వైపు వెళ్లే దారిలో ఒక పల్లె. నాన్న వేటకి వెళ్లేవాడు, అమ్మ చేపలు అమ్మేది, నేను రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళ్లేదాన్ని. ఆ రోజు షెడ్డుకి సరుకు రాలేదు, ఇంట్లోనే ఉన్నాను. పొద్దున పదింటి వేళ ఒక తెల్ల వ్యాను వచ్చి ఆగింది. తెల్ల చీర కట్టుకున్న పొట్టి మనిషి దిగి, ఇంటింటికీ వెళ్లి, "ఈ మధ్య వేటలో ఎవరికైనా దెబ్బలు తగిలాయా అమ్మా?" అని అడిగారు. ఎవరినడిగినా, "అందరూ క్షేమమేనండి" అన్నారు. మా గుమ్మం ముందుకొచ్చారు. మా అమ్మ కూడా, "క్షేమమేనండి నర్సమ్మ గారూ" అంది. అంటూ తలుపుకి అడ్డంగా నిలబడింది.

అమ్మ వెనక, లోపల నులక మంచం మీద, మా తమ్ముడు ఒళ్లు కాలిపోతూ పడుకుని ఉన్నాడు. నాలుగు రోజుల కింద వలలోంచి చేప తీస్తుంటే జెల్ల చేప ముల్లు అరచేతిలో దిగింది. పసుపు పెట్టారు, ఆకు పసరు కట్టారు. చెయ్యి మోచేతి దాకా వాచిపోయింది.

మా అమ్మ అబద్ధాలాడే మనిషి కాదు. మా ఊళ్లో ఒక పట్టింపు ఉంది. పడవ నీళ్ల మీద ఉండగా ఒడ్డునున్న ఆడవాళ్లు దెబ్బ మాట, జబ్బు మాట నోట అనకూడదు. అంటే అది గాలికి వినబడి పడవ దాకా వెళ్తుందని భయం. అమ్మకి వాళ్లమ్మ చెప్పింది, నాకు అమ్మ చెప్పింది. ఆ పొద్దున నాన్న పడవ నీళ్ల మీదే ఉంది. పొద్దున వేళ మా ఊళ్లో ఏ ఇంటి పడవైనా నీళ్ల మీదే ఉంటుంది. అలాంటప్పుడు ఎవరొచ్చి అడిగినా మా ఊరు క్షేమమే. తెలియనివాళ్లు అది నిజమని రాసుకుని వెళ్లిపోతారు.

సిస్టర్ గారు కూడా రాసుకుని వ్యాను వైపు నడిచారు. నాకు లోపల తమ్ముడి మూలుగు వినబడింది. ఇక ఆగలేకపోయాను. అమ్మని తోసుకుని పరిగెత్తి, వ్యాను తలుపు పట్టుకుని, "మా తమ్ముడండి! చెయ్యి కుళ్లిపోతోందండి!" అని అరిచాను. వెనక నుంచి అమ్మ వేసిన కేక నాకు ఇంకా చెవుల్లో ఉంది. "ఒసే పాపిష్టిదానా! మీ నాన్న నీళ్ల మీదున్నాడే!"

సిస్టర్ గారు ఒక్క పరుగున వచ్చారు. చెయ్యి చూశారు, మొహం మారిపోయింది. ఆ రోజు వ్యానులో వచ్చిన డాక్టరు గారు తమ్ముడిని వెంటనే అవనిగడ్డ తీసుకెళ్లాలన్నారు. వాడిని ఎక్కించారు. అమ్మ ఎక్కలేదు. రేవుకి వెళ్లి, ఇసుకలో కూర్చుని, సముద్రం వైపు చూస్తూ ఉండిపోయింది. నన్ను దగ్గరికి రానివ్వలేదు. సిస్టర్ గారు డాక్టరు గారితో, "మీరు అబ్బాయిని తీసుకెళ్లండి. నేను సాయంత్రం బస్సులో వస్తాను" అని చెప్పి, వెళ్లి మా అమ్మ పక్కన ఇసుకలో కూర్చున్నారు.

ఆ రోజు గాలి ఎదురుతిరిగింది. మిగతా పడవలు వచ్చాయి, నాన్న పడవ రాలేదు. పొద్దు వాలుతోంది. నా నోటి మాటే నాన్నని తినేసిందని నేను కూడా నమ్మేశాను. సిస్టర్ గారు అవన్నీ ఉత్తి నమ్మకాలమ్మా అనలేదు, ఏమీ కాదు అనలేదు. అమ్మ చూసే వైపే చూస్తూ కూర్చున్నారు. ఎండకి తెల్ల చీర కొంగు తీసి, సగం తన తల మీద, సగం మా అమ్మ తల మీద వేశారు. అమ్మ వద్దనలేదు.

పడవ వచ్చింది. తెరచాప చిరిగి, ఆలస్యంగా, కానీ వచ్చింది. నాన్న దిగి, ఈ తెల్లచీర మనిషిని చూసి బిత్తరపోయాడు. అప్పుడు మా అమ్మ సిస్టర్ గారి వైపు తిరిగి, పొద్దున్నించీ లోపల దాచుకున్నదంతా ఒక్కసారిగా చెప్పింది. మా తమ్ముడి చెయ్యి, పక్కింటాయన నడుం, వెనక వీధిలో ఒకతని వేళ్లు తాడులో పడి నలిగిన సంగతి. ఏడుస్తూ చెప్పింది. సిస్టర్ గారు వింటూ అమ్మ వీపు నిమిరారు. మా తమ్ముడి చెయ్యి దక్కింది. ఒక వేలు మాత్రం వంగదు.

తర్వాతి వారం డ్రైవరు, అప్పటికి వాడు కొత్త, "ఏం జనం సిస్టర్ గారూ, పిచ్చి నమ్మకాలతో ప్రాణాలు తీసుకుంటారు" అన్నాడట. ఆవిడ వాడిని వ్యాను ముందుకి తీసుకెళ్లి, బంపరుకి వేలాడుతున్న నిమ్మకాయ, మిరపకాయలు చూపించి, "ఇది ఎందుకు కట్టావు నాయనా? పులుసులోకా?" అన్నారు. వాడు ఆ కథ ఇప్పటికీ తన మీద తనే జోకేసుకుని చెప్తాడు.

ఆ రోజు నుంచి ఆవిడ మా ఊరికి సాయంత్రం వచ్చేవారు, పడవలన్నీ రేవుకి చేరాక. ప్రశ్న కూడా మార్చేశారు. దెబ్బ తగిలిందా అని అడగడం మానేసి, "ఈ వారం మీ ఇంట్లో వల ఎవరు లాగారు? మీవాడి బదులు ఎవరెళ్లారు?" అని అడిగేవారు. వల ఎవరు లాగారో చెప్పడానికి మా వాళ్లకి అభ్యంతరం ఏముంటుంది! ఆ మాట వెనకాలే దెబ్బ తనంతట తను బయటికొచ్చేది. రొయ్యల షెడ్డులో కూడా అంతే. వేలు తెగిందని తెలిస్తే ఆ రోజుకి కూలి లేకుండా ఇంటికి పంపేస్తారు, కాబట్టి ఎవరికీ వేళ్లు తెగవు. ఈవిడ కొబ్బరినూనె సీసా పట్టుకుని, మంచునీళ్లలో నానిన వేళ్లకి రాస్తానని కూర్చునేవారు. నూనె రాయించుకోవడానికి చెయ్యి చాపకుండా ఎవరుంటారు? తెగిన వేళ్లన్నీ ఆవిడ ఒళ్లోకి వచ్చేవి.

అలా అడిగి తెలుసుకున్న ఏడు, మిల్లులకీ, నగల పనికీ, నాట్లకీ పక్కన పెట్టి చూస్తే, మా వేటపడవలే అన్నిటికన్నా పైన నిలిచాయి. అంతకు ముందు ఏడు సున్నా. ట్రస్టు పెద్దలు నమ్మలేక, "ఒక్క ఏడులో ఇంత ఎలా పెరిగాయమ్మా?" అన్నారు. "పెరగలేదండీ, వినబడ్డాయి" అన్నారావిడ. వారానికోసారి వ్యాను మా ఊరు రావడం అప్పుడు మొదలైంది. నన్ను షెడ్డు మానిపించి వ్యానులో పెట్టించిందీ అప్పుడే. "పరిగెత్తుకొచ్చిన పిల్ల కావాలి నాకు" అన్నారు.

మా అమ్మా ఆవిడా వదినా అంటే వదినా అనుకునేదాకా వచ్చారు. ఇందులో ఒక తమాషా ఉంది. గొంతులో చేపముల్లు గుచ్చుకున్నవాళ్లని ఎంతమందినో చూసిన మనిషి కదా, సిస్టర్ గారికి చేప తినాలంటే చచ్చే భయం. ఇష్టమేమో ప్రాణం. మా అమ్మ పక్కన కూర్చుని, పులుసులో ముక్క విడదీసి, ఒక్కొక్క ముల్లూ ఏరి, చంటిపిల్లకి పెట్టినట్టు కంచంలో పెట్టేది. "తిను వదినా, నేను చూశాగా" అనేది. అరవై దాటిన మనిషి బుద్ధిగా తినేవారు. మాకెప్పుడూ అలా ఏరి పెట్టింది లేదు, అది వేరే సంగతి.

వ్యాను కదిలే ముందు ఆవిడ కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసేవారు. ఎప్పుడూ ఒకటే. "ప్రభువా, ఈ రోజు మాకు పని తక్కువ ఇవ్వు." డ్రైవరూ, నేనూ హిందువులమే అయినా ఆమెన్ అనేవాళ్లం. పని ఎప్పుడూ తక్కువ అయ్యేది కాదు. ఆవిడ ప్రార్థన మానేవారు కాదు.

చివరి రెండు మూడేళ్లు వ్యాను మెట్టు ఎక్కడానికి ఇబ్బంది పడేవారు. నడుం నొప్పి. నేను పైకి లాగేదాన్ని, డ్రైవరు కింద నుంచి మోచెయ్యి పట్టుకునేవాడు. ఒకరోజు వాళ్లింట్లో నడుముకి మందు రాస్తూ, "ఎప్పటి నుంచి ఉందండీ ఇది?" అన్నాను. "ఉద్యోగంలో చేరిన రెండో ఏటి నుంచీ. వార్డులో మనుషుల్ని ఎత్తి పక్కలు మార్చాలి కదే. మా బ్యాచి వాళ్లందరికీ ఉంది" అన్నారు, మామూలుగా. నాకు ఒళ్లు మండిపోయింది. "ఇన్నేళ్లు మిల్లు వాళ్లనీ, పడవ వాళ్లనీ పోల్చారు. ఆ పక్కన నర్సుల్ని ఎందుకు పెట్టలేదండీ?" అని గట్టిగానే అడిగాను. ఆవిడ బోర్లా పడుకునే నవ్వారు. "ఏం పని చేస్తారండీ అని నన్నెవరూ అడగలేదే" అన్నారు. నేను నవ్వలేదు. మందు రాసే వంకతో ఆ నడుము చాలాసేపు రాస్తూ కూర్చున్నాను.

బందరులో సమాధి చేసిన రోజు ఎవరూ పిలవకుండానే జనం వచ్చారు. భుజం మీద తువ్వాలుతో మిల్లు హమాలీలు, నల్లబడ్డ వేళ్లతో నగలవాళ్లు, నందివాడ నుంచి ట్రాక్టరు మీద నాట్ల ఆడవాళ్లు. మా ఊరి పడవలు ఆ రోజు నీళ్లలోకి దిగలేదు. ఊళ్లో మనిషి పోతేనే అలా ఆపుతారు. గుప్పెడు మట్టి వెయ్యమన్నప్పుడు మా అమ్మకి ఆ పద్ధతి తెలియక నా వైపు చూసింది. వేసింది. వేశాక చెయ్యి దులుపుకోలేదు, అలాగే గుప్పిట మూసుకుని ఊరి దాకా వచ్చింది.

ఇక మొదట చెప్పిన భయం సంగతి. సిస్టర్ గారి బదులు ఒక కుర్ర డాక్టరు వచ్చాడు. మంచి అబ్బాయి, కష్టపడతాడు. కానీ సాయంత్రాలు వేరేచోట డ్యూటీ. మా ఊరికి పొద్దున తప్ప కుదరదు. నేను ట్రస్టు పెద్దల దగ్గరికి వెళ్లి మా ఊరి పట్టింపు మొత్తం చెప్పాను. వాళ్లు ఓపిగ్గా విన్నారు. "నువ్వు చెప్పేది నిజమేనమ్మా. కానీ నువ్వు ఆ ఊరి ఆడపడుచువి. మీ ఊరి లెక్క నీ మాట మీద రాస్తే, మిగతా ఊళ్లవాళ్లు ఊరుకుంటారా? ఇంటి మనుషులు డాక్టరుకి చెబితే రాస్తాం. చెప్పకపోతే సున్నాయే" అన్నారు. సిస్టర్ గారు ఉన్నా అదే అనేవారు.

పోయిన వారం వ్యాను మా ఊరు వచ్చింది. పొద్దున పదిన్నర. రేవులో ఒక్క పడవ లేదు. మా నాన్న వేట మానేశాడు, ఇప్పుడు వెళ్లేది మా తమ్ముడే. ముందు వారం తాడు లాగుతుంటే వాడి కుడిభుజం పట్టు తప్పింది. చెయ్యి పైకెత్తలేడు. అయినా ఆ పొద్దున వెళ్లాడు. ఇంట్లో అందరికీ తెలుసు, వీధంతా తెలుసు.

డాక్టరు అబ్బాయి సరుగుడు చెట్ల నీడలో కుర్చీ వేసుకుని, నేను నేర్పినట్టే, "ఈ వారం మీ ఇంట్లో వల ఎవరు లాగారమ్మా?" అని అడిగాడు. కానీ కొత్త మొహం, పైగా పొద్దున వేళ. ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందున్నావిడ, "మావాళ్లే లాగారండి. అందరూ క్షేమమేనండి" అంది. పక్కావిడా అదే అంది. ఆ పక్కావిడా అదే. డాక్టరు రాసుకుంటున్నాడు. నేను వ్యాను పక్కన నిలబడి చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను. నేను నోరు విప్పి లాభం లేదు.

మా అమ్మ వంతు వచ్చింది. డాక్టరు తలెత్తకుండానే, "క్షేమమేనా అమ్మా?" అన్నాడు.

అమ్మ సముద్రం వైపు చూసింది. ఎండకి నీళ్లు మెరుస్తున్నాయి, పడవ జాడ ఎక్కడా లేదు. డెబ్బై ఏళ్ల జీవితంలో పడవ బయట ఉండగా అమ్మ నోట దెబ్బ మాట రాలేదు.

"మా వదినైతే సాయంత్రం దాకా ఆగేది" అంది అమ్మ. "నీకు తీరదు కదా బాబూ. రాసుకో. మా అబ్బాయి. కుడిభుజం. ఎత్తలేకపోతున్నాడు."

వెనక ఆడవాళ్లలో ఎవరో, "అక్కా!" అని అరిచారు. అమ్మ తిరిగి చూడలేదు. నేను వెళ్లి చెయ్యి పట్టుకున్నాను. డాక్టరుకి ఏం జరిగిందో సగం అర్థమైంది, సగం కాలేదు. గబగబా రాసుకుని, "అతన్ని నేను ఒకసారి చూడాలమ్మా. ఎప్పుడొస్తాడు?" అన్నాడు.

"అది మాత్రం అడక్కు!" అని కసిరింది అమ్మ. "పడవ బయటుండగా అడగరు."

ఆ అబ్బాయి అమ్మ మొహం చూశాడు, అమ్మ చూస్తున్న వైపు చూశాడు. ఫోను తీసి, ఎవరికో, ఈ సాయంత్రం డ్యూటీకి రాలేనని చెప్పాడు. డ్రైవరు వెళ్లి వ్యాను ఇంజను ఆపేశాడు. ఇందాక క్షేమమన్న ముందావిడ మెల్లగా కుర్చీ దగ్గరికొచ్చి, "బాబూ, మాదీ రాసుకుంటారా?" అంది. ఆవిడ వెనక ఇంకొకరు లేచారు. అమ్మ అవేవీ వినడం లేదు. రేవు చివరికంటా నడిచి వెళ్లి, చెప్పులు విడిచి, అలలు పాదాలు తడిపే చోట నిలబడి, కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తోంది.